ర్యామ్ కొనేముందు మూత విప్పండి

విజయనగరం గంటస్తంభం దగ్గర కంప్యూటర్లు విప్పి బిగించడం నా పని. "బావూ, ఎనిమిది జీబీ ర్యామ్ ఒకటి ఇయ్యి" అంటూ వస్తారు. ఏ మదర్‌బోర్డుకి అని అడిగితే, "ఐ3 మెషీనే బావూ" అంటారు. ఐ3 అన్నది ఇంటెల్ ప్రాసెసర్ పేరు, 2010 నుంచీ ఉంది. ఆ పేరుతోనే డీడీఆర్3 రకం ర్యామ్ పట్టే మెషీన్లు వచ్చాయి, డీడీఆర్4వి వచ్చాయి, డీడీఆర్5వీ వచ్చాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దిగదు. అడుగున ఉండే గాటు ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది. డీడీఆర్4కీ 5కీ 288 పిన్నులే కదా అని బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

అసలు మీకు కావాల్సింది ర్యామేనా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మీరు రోజూ వాడేవన్నీ తెరిచి పెట్టి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. తొంభై శాతం దగ్గర కొట్టుకుంటుంటే ర్యామ్ చాలట్లేదు. మెమరీ సగమే వాడి, డిస్క్ మాత్రం వందలో నిలిచిపోతే ఆ డబ్బుతో హార్డ్ డిస్కు కంటే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించుకోండి. రెండూ నిండుతుంటే ముందు ర్యామే వేయండి. చోటు చాలకే విండోస్ హార్డ్ డిస్కుని మెమరీగా వాడుకుంటోంది.

అను అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లికార్డులూ కరపత్రాలూ చేసుకునేవాళ్లకి 16 జీబీ దండగ. అది పాతకాలపు 32 బిట్ ప్రోగ్రామ్, అంత మెమరీ దాని చేతికి అందదు. పక్కన బ్రౌజర్ నడవడానికి ఎనిమిది చాలు. పెళ్లి ఆల్బమ్‌లు ఫోటోషాప్‌లో చేసే స్టూడియోల లెక్క వేరు. వాళ్లకి 16 పెట్టినా మిగలదు.

ఆ మెమరీ పేజీలోనే కింద, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారో, ఎంత స్పీడులో నడుస్తోందో ఉంటుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే ఆగండి. అరచేతిలో పట్టేంత చిన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ల్యాప్‌టాప్ ర్యామే పడుతుంది. తర్వాత సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే బోర్డు మోడలూ ర్యామ్ రకమూ చూపిస్తుంది. మెషీన్ ఆన్ అవకపోతే పక్క మూత విప్పండి. బోర్డు పేరు స్లాట్ల మధ్యలో పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ పేరు కంపెనీ సైట్‌లో వెతికితే మొత్తం ఎంత పడుతుందో, ఒక్కో స్లాటుకి ఎంతో రాసి ఉంటుంది. హెచ్61, హెచ్81 అనే పాత డీడీఆర్3 బోర్డులైతే రెండు స్లాట్లకీ కలిపి 16 జీబీ, అంతకు మించి పట్టదు.

మా జిల్లాల్లో ఇంకా ఎక్కువగా నడుస్తున్నవి ఆ పాత డీడీఆర్3 బోర్డులే. జనం దెబ్బతినేదీ అక్కడే. ఎనిమిది జీబీ డీడీఆర్3 కొనేటప్పుడు ర్యామ్ పుల్లని తిప్పి చిప్పులు లెక్కపెట్టండి. ఈ బోర్డులకి పనికొచ్చేది రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్పులున్నది. లేబుల్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది. ఒకేవైపు ఎనిమిది చిప్పులతో ఎనిమిది జీబీ వస్తే దాన్ని ఈ బోర్డు గుర్తుపట్టదు. అలాగని పదహారు కనిపించగానే డబ్బు ఇచ్చేయకండి. ఆన్‌లైన్‌లో చవగ్గా 'ఏఎండీ మాత్రమే' అని ఒక సరుకు దొరుకుతుంది. దానికీ పదహారు చిప్పులే ఉంటాయి గానీ లోపలి అమరిక వేరు, ఇంటెల్ బోర్డులో పనిచేయదు. సర్వర్ల నుంచి పీకిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా అంతే. స్లాటులో చక్కగా కూర్చుంటుంది, తెర మాత్రం వెలగదు. ఇంకా వెనక్కి, జీ41 బోర్డైతే నాలుగు జీబీ పుల్లకే పదహారు చిప్పులుండాలి.

2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. తయారీదారులు ఏఐ సర్వర్లకి అమ్ముకోవడంలో పడ్డారు. అందుకే పాత సరుకు కొనడం నామోషీ కాదంటాను. కాకపోతే పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామన్న మాట షాపువాడి చేత బిల్లు మీద రాయించుకోండి.

స్పీడు గురించి అంత బెంగ అక్కర్లేదు. లేబుల్ మీద పీసీ3-12800 లాంటి అంకె ఉంటే ఎనిమిదితో భాగించండి, 1600 వస్తుంది. పీసీ4-19200 అంటే 2400. ఎక్కువ స్పీడుది వేసినా బోర్డు తన హద్దుకి దించి నడుపుతుంది. వేర్వేరు స్పీడులవి కలిపితే రెండూ తక్కువదాని స్పీడుకే వస్తాయి. కుదిరితే ఉన్న పుల్ల కంపెనీ, సైజు, స్పీడు చూసి అలాంటిదే తెచ్చుకోండి. జత కుదిరితే డ్యుయల్ ఛానల్ పనిచేస్తుంది, అంటే రెండు పుల్లలూ ఒకేసారి పనిలో దిగుతాయి. గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో ఆ తేడా బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్లుంటే ఆ జతని సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి.

బిగించే ముందు కరెంటు ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, కేబినెట్ ఇనుము ముట్టుకోండి. భోగాపురం, కళింగపట్నం వైపు నుంచి వచ్చే మెషీన్లలో ఉప్పుగాలికి ర్యామ్ పిన్నులు మసకబారి ఉంటాయి. తెల్ల పెన్సిల్ రబ్బరుతో పైనుంచి కిందికి మెల్లగా రుద్దితే పసుపు మెరుపు తేలుతుంది. రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా బ్రష్‌తో దులపండి. స్లాటు క్లిప్పులు తెరిచి, గాటు సరిచూసి, రెండు చివర్లా సమంగా నొక్కండి. టక్కుమంటుంది. ఆన్ చేశాక బీప్ బీప్ అని అరుస్తుంటే నూటికి తొంభైసార్లు సరిగా కూర్చోకపోవడమే, తీసి మళ్లీ పెట్టండి.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్ మళ్లీ చూడండి. ఎనిమిది వేస్తే మూడు చిల్లరే వాడుకుంటోందంటే మీది 32 బిట్ విండోస్ కావచ్చు. ర్యామ్‌ని తిట్టక 64 బిట్ వేయించండి. చివరగా విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చే రన్‌లో mdsched అని కొట్టి మెమరీ పరీక్ష పెట్టి భోజనానికి వెళ్లండి. తప్పులు చూపిస్తే బిల్లు పట్టుకుని ఆ సాయంత్రమే షాపుకి నడవండి.