చీకటి గదిలో వెలుగు గీతలు: ఇంట్లోనే లైట్ పెయింటింగ్

కెమెరా షట్టర్‌ను ఇరవై సెకన్ల పాటు తెరిచి ఉంచి, ఆ వ్యవధిలో చీకటి గదిలో ఒక చిన్న దీపాన్ని కదిలిస్తే, అది నడిచిన దారి అంతా ఒకే ఫొటోలో గీతగా నిలిచిపోతుంది. దీనినే లైట్ పెయింటింగ్ అంటారు. ఇందుకు స్టూడియో అక్కరలేదు. సెట్టింగులను మనమే మార్చుకోగల మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా, గట్టి ట్రైపాడ్, ఒక టార్చిలైటు, పూర్తిగా చీకటి చేయగల గది ఉంటే చాలు. ప్రో మోడ్‌లో షట్టర్‌ను పది సెకన్లకు పైగా తెరిచి ఉంచనిచ్చే ఫోను కూడా పనికివస్తుంది; అయితే చాలా ఫోన్లలో అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మార్చే వీలుండదు కనుక దీపం వెలుగునే తగ్గించుకోవలసి ఉంటుంది. ఈ పని కోసమే అమ్మే ఖరీదైన దీపపు కుంచెలు మొదట్లో కొనడం నా దృష్టిలో వృథా.

ముందుగా గది సంగతి చూడాలి. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి, వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టర్ వంటి వాటి మీద మెరిసే చిన్న చిన్న దీపాలను నల్ల టేపుతో మూసివేయాలి. కంటికి ఆనని ఆ ఎర్రచుక్క ముప్పై సెకన్లలో ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యాను ఆపివేయాలి, అది కర్టెన్లను కదిలిస్తుంది, తేలికపాటి ట్రైపాడ్‌నూ వణికిస్తుంది. మన ఇళ్లలో గోడలు ఎక్కువగా తెల్లగానో లేత రంగులోనో ఉంటాయి కనుక, గోడకు వీలైనంత దూరంగా నిలబడడమో, వెనుక నల్లగుడ్డ వేలాడదీయడమో మేలు. అన్నీ సిద్ధమయ్యాక ఏ దీపమూ వెలిగించకుండా ముప్పై సెకన్ల ఫొటో ఒకటి తీసి చూడాలి. అది నల్లగా వస్తే గది సిద్ధమైనట్టే.

ఇక సెట్టింగులు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, అపెర్చర్ ఎఫ్/8, షట్టర్ 20 సెకన్లు పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా ఒకచోట స్థిరపరచాలి, తరువాత సరిదిద్దుకోవడానికి ఎక్కువ వీలిచ్చే రా ఫార్మాట్ ఉంటే అందులోనే తీయాలి. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది; అందుచేత గదిలో లైటు ఉండగానే మీరు నిలబడబోయే చోట ఒక కుర్చీ ఉంచి, దానిమీద ఫోకస్ చేసి, ఆ తరువాత లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కు మార్చాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి వణుకును సరిచేసే ఇమేజ్ స్టెబిలైజేషన్‌ను ఆపివేయడం మంచిది. వేలి తాకిడికి కెమెరా కదలకుండా సెల్ఫ్ టైమర్ వాడాలి. ఎక్కువసేపు తీసిన ఫొటోలో పడే మచ్చలను తొలగించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటో తరువాత కెమెరా దాదాపు మళ్లీ అంతసేపు ఆగిపోతుంది కనుక, సాధన చేసేటప్పుడు దాన్ని ఆపి ఉంచవచ్చు.

కొత్తవారు ఎక్కువగా తికమకపడే విషయం ఒకటి ఉంది. గీత మరీ తెల్లగా, రంగు లేకుండా వచ్చిందంటే వెంటనే షట్టర్ సమయాన్ని తగ్గిస్తారు. దానివల్ల గీతలో మార్పేమీ రాదు. గదిలోని మసక వెలుతురు సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద సెకను సెకనుకూ పేరుకుంటూ పోతుంది. కదిలే దీపం మాత్రం సెన్సర్ మీద ఏ ఒక్క చోటనైనా నిలిచేది రెప్పపాటే. కాబట్టి గీత ప్రకాశాన్ని నిర్ణయించేవి అపెర్చర్, ఐఎస్ఓ, దీపం తీవ్రత, చేతి వేగం. షట్టర్ సమయం నిర్ణయించేది నేపథ్యం ఎంత వెలుగుతుందన్నది మాత్రమే. గీత మరీ తెల్లబారితే అపెర్చర్‌ను ఇంకా చిన్నదైన ఎఫ్/11కు మార్చాలి, లేదా చేతిని వేగంగా కదపాలి. నేపథ్యం తేలిపోతే సమయాన్ని తగ్గించాలి, లేదా గదిని ఇంకా చీకటి చేయాలి. ఈ రెండింటినీ విడివిడిగా సరిదిద్దుకోవడం అలవడితే మిగిలినదంతా సాధనే.

గీతలు గీయడానికి దీపాన్ని కెమెరా వైపు తిప్పి పట్టుకోవాలి. ముదురు రంగు, నిండు చేతుల దుస్తులు ధరించి, దీపం వెలుగు ఒంటిమీద పడకుండా చూసుకుంటూ కదులుతూ ఉంటే మనిషి ఫొటోలో కనిపించడు. రంగుల కోసం టార్చి మూతికి జిలేటిన్ కాగితం కట్టవచ్చు. కొన్ని చవక ఎల్‌ఈడీలు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. వాటితో గీసిన గీత చుక్కలు చుక్కలుగా వస్తుంది. అది లోపమనుకోకుండా అలంకారంగా వాడుకున్నా బాగుంటుంది. తెలుగు అక్షరాల గుండ్రదనం దీనికి చక్కగా నప్పుతుంది, కానీ తలకట్టు కోసం చేయి ఎత్తవలసి వచ్చినప్పుడల్లా దీపాన్ని ఆర్పి, చోటు మార్చి, మళ్లీ వెలిగించాలి. కెమెరాకు ఎదురుగా నిలబడి రాసినవి అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. తిరగేసి రాయడం నేర్చుకోనక్కరలేదు, తరువాత ఎడిటింగ్‌లో ఫొటోను కుడి ఎడమలు తారుమారయ్యేలా తిరగేస్తే (ఫ్లిప్ చేస్తే) సరిపోతుంది.

గీతతోపాటు గీసిన మనిషీ కనిపించాలంటే ఫ్లాష్ కావాలి. 1949లో దక్షిణ ఫ్రాన్స్‌లోని వలోరిస్‌లో ఫొటోగ్రాఫర్ జోన్ మిలీ చిత్రకారుడు పికాసోను ఇలాగే తీశాడు: చీకట్లో పికాసో చిన్న విద్యుత్ దీపంతో గాలిలో బొమ్మలు గీశాడు, గీతను షట్టర్ పట్టుకుంది, మనిషిని ఫ్లాష్ పట్టుకుంది. ఇంట్లో ఫ్లాష్ లేకపోతే, గీయడం ముగిశాక మనిషి కదలకుండా నిలబడితే, మరొకరు పక్కనుంచి అతని మీద ఒక సెకను టార్చి వేయవచ్చు.

రెండో పద్ధతిలో దీపం కెమెరా వైపు చూడదు, వస్తువు వైపు చూస్తుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మొదట కొండపల్లి బొమ్మతో ప్రయత్నించడం తేలిక, ఎందుకంటే దానికి మెరుపు తక్కువ. లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మ మీద టార్చి బిందువు తెల్లచుక్కలా పడుతుంది. బొమ్మను నల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఉంచి, టార్చిని కెమెరా పక్కనుంచి కాక, ఒక వైపునుంచి కొంచెం ఎత్తులో పట్టుకుని, గోడకు సున్నం వేసినట్టు ఒక పట్టీ మీద మరొకటి కలుస్తూ నిలపకుండా కదపాలి. ఎదురుగా వేసిన వెలుగు బొమ్మను చదునుగా చూపిస్తుంది; పక్కనుంచి వచ్చినది చెక్కడాన్నీ మడతలనూ పైకి తెస్తుంది. బల్బు నేరుగా లెన్స్‌కు కనిపిస్తే గీత పడుతుంది కనుక, నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి టార్చికి తొడగాలి.

ఇత్తడి కుంది, చెంబు వంటివి కష్టం. వాటి మీద నేరుగా వెలుగు వేయకుండా, ఒక తెల్ల చార్టును పక్కన నిలబెట్టి దానిమీద టార్చి వేస్తే, ఇత్తడిలో ఆ చార్టు ప్రతిబింబం మెత్తని వెడల్పాటి మెరుపుగా వస్తుంది. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, వెనుక అంచుకు ఒకటిగా వేర్వేరు ఫొటోలు తీసి, ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్లుగా పేర్చి, పై లేయర్లను లైటెన్ మోడ్‌లో ఉంచితే ప్రతి ఫొటోలోని వెలుగైన భాగాలే మిగులుతాయి. ఈ మధ్యలో కెమెరా గాని, వస్తువు గాని ఏమాత్రం కదిలినా అంచులు రెండుగా కనిపిస్తాయి.

కాకరపువ్వొత్తులతో గీతలు అందంగా వస్తాయి గాని, వాటిని డాబా మీదనే, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, నూలు బట్టలతో వాడాలి. మండే స్టీల్ ఊలును (సన్నని ఉక్కు పీచును) గిరగిరా తిప్పే పద్ధతిని మాత్రం ఇంట్లోనూ డాబా మీదనూ ఎంతమాత్రం చేయకూడదు. ఆ నిప్పురవ్వలు చాలా దూరం ఎగిరి, పడినచోట కూడా కాసేపు మండుతూనే ఉంటాయి.