అమెరికా జీతానికి రూపాయి లెక్క: ఒక్క రేటు గడి చాలు

నాలుగు నెలలు ప్రాజెక్టు మీద అమెరికా వెళ్లొచ్చిన మా తమ్ముడికి అక్కడా పన్ను పట్టారు, ఇక్కడా రిటర్ను వేయాలి. ఏ రోజు డాలరు రేటు వేయాలో తెలియక తిరుపతిలో మా భోజనాల బల్ల మీద రెండు ఆదివారాలు పోయాయి.

చివరికి చేసింది ఇది. అక్కడ కంపెనీ ఇచ్చే జీతం, పన్ను వివరాల పత్రం డబ్ల్యూ-2 జనవరి నుంచి డిసెంబరు లెక్క, మనది ఏప్రిల్ నుంచి మార్చి. అందుకే దాన్ని పక్కన పెట్టి పేస్లిప్పులే తీసుకున్నాం. ఒక కాగితం మీద నెల, జీతం, ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) ఆదాయపు పన్ను, రేటు అని నాలుగు గడులు. రేటు గడిలో ముందు నెల చివరి రోజు స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటు, అంటే విదేశం నుంచి వచ్చిన డాలర్లను బ్యాంకు కొనే రేటు. జీతానికీ, పట్టిన పన్నుకూ అదే రేటు కాబట్టి నెలకొకటి వెతికితే చాలు. జులై 2024 జీతానికి జూన్ 30 రేటు కావాలి, అది ఆదివారం. ముందు పనిదినం రేటు వేసి, ఆ రోజు బ్యాంకు రేట్ల షీటు ప్రింటు తీసి దాచాం. పింఛనుకు, వైద్య బీమాకు అక్కడ కోసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మొత్తాలు ఇందులో కలపకండి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద వాటికి క్రెడిట్ రాదు, అంటే ఇక్కడి పన్నులో తగ్గించరు. కాగితం మీద తేలిన రూపాయి మొత్తాలతో, విదేశంలో కట్టిన పన్నుకు క్రెడిట్ అడిగే ఫారం 67 నింపి, ఆ తర్వాతే రిటర్ను పంపాం.

ఉద్యోగం కోసం వెళ్లి ఆ ఏడాది ఇండియాలో 182 రోజులకన్నా తక్కువ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. మామూలుగా వాళ్లు ఎన్నారైల కింద వస్తారు. ముందు పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్కపెట్టుకోండి.