టేపు పట్టి చెబుతున్నా: పరుగు మొదలుపెట్టే ఆడవాళ్ళకి

నేను లేడీస్ టైలర్ని. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదే నా షాపు. జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు, పరిగెత్తడం మొదలుపెట్టి ఐదేళ్ళు. ఇప్పుడు నాకు 46. మొదటి పనికి డబ్బులొస్తాయి. రెండో పనికి చాలాకాలం మా అత్తయ్య చేత చీవాట్లొచ్చాయి.

ఈమధ్య కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు మెడ డీప్ ఎంత పెట్టాలన్న దానికన్నా పరుగు గురించే ఎక్కువ అడుగుతున్నారు. "అక్కా, నేనూ మొదలుపెట్టనా? మోకాళ్ళు అరిగిపోతాయంటారే?" అని. ఒక్కొక్కరికీ చెప్పేసరికి అవతల మిషన్ ఆగిపోతోంది. అందుకే అంతా ఒకేసారి రాసేస్తున్నా. నేను కోచ్‌నీ కాదు, డాక్టర్నీ కాదు. నా ఒంటి మీద చూసుకున్నవీ, అడిగి తెలుసుకున్నవీ చెబుతున్నా, అంతే.

ముందు లోపలి బట్టలు

బూట్ల గురించి అందరూ చెబుతారు, బ్రా గురించి ఎవరూ చెప్పరు. నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది వేసుకునే సైజు తప్పు. పెళ్ళికి ముందు కొన్న నంబరే ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అడుగుతారు. ఇంట్లో పనులకి ఎలాగో సర్దుకుపోతుంది. పరిగెత్తితే మాత్రం రొమ్ములు పైకీ కిందకే కాదు, పక్కలకి కూడా ఊగుతాయి. నొప్పి పుడుతుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని భుజాలు ముందుకు ముడుచుకుని పరిగెడతారు, మెడ పట్టేస్తుంది. రెండు వారాలకి "నాకు రన్నింగ్ పడదక్కా" అని మానేస్తారు.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి, ఊపిరి వదిలేసి, రొమ్ముల కింద టేపు బిగుతుగా చుట్టండి. వెనకవైపు టేపు పైకి పోకుండా చూసుకోండి, అందరూ తప్పు చేసేది అక్కడే. అది బ్యాండు కొలత. తర్వాత నిండుగా ఉన్నచోట వదులుగా ఇంకొకటి. రెండూ చీటీ మీద రాసుకుని, కొనబోయే కంపెనీ అట్ట మీద ఉండే సైజు పట్టికతో సరిచూసుకోండి. కౌంటర్లో ఉన్నాయన కళ్ళతోనే కొలిచి "మీకు ఎల్లే వస్తుంది మేడమ్" అంటే నమ్మకండి. వేసుకున్నాక బ్యాండు కింద రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. చేతులు పైకెత్తినా బ్యాండు కదలకూడదు. ఆ తర్వాత పది గెంతులు గెంతి చూడండి. బరువు మోయాల్సింది బ్యాండు. భుజాల పట్టీలు కోసుకుపోతున్నాయంటే బ్యాండు లూజన్నమాట.

నాకు బాగా నచ్చే కథ ఒకటుంది. అసలు పరుగు కోసమని బ్రా పుట్టిందే 1977లో, అమెరికాలోని వెర్మాంట్‌లో. లీసా లిండాల్ అనే ఆవిడకి పరుగంటే ఇష్టం, వేసుకోవడానికి సరైనది లేదు. నాటకాల దుస్తులు కుట్టే స్నేహితురాలు పాలీ స్మిత్, ఆమెకి సాయంగా ఉన్న హిండా మిల్లర్, వీళ్ళిద్దరితో కలిసి రకరకాలుగా కుట్టి చూసింది. చివరికి మగ ఆటగాళ్ళు వేసుకునే సపోర్టర్లు రెండు తెచ్చి, కలిపి కుట్టారు. అదే మొదటి స్పోర్ట్స్ బ్రా. అంటే మా టైలర్ల చేయి పడేదాకా పని కాలేదు!

పైన ఏం వేసుకున్నా పర్వాలేదు. నేను మొదటి మూడు నెలలు చుడీదార్ టాప్, లెగ్గింగ్‌తోనే పరిగెత్తాను. కాకపోతే పక్క కట్స్ మూడంగుళాలు పైకి విప్పుకున్నా, తొడ ఆడాలి కదా. చున్నీ వద్దు. కాటన్ చెమట పీల్చి బరువెక్కి ఒరుసుకుంటుంది, పలచటి పాలిస్టర్ బనీను గుడ్డ నయం. లోపల లేబుల్ కత్తిరించేయండి. చంకల్లో, తొడల మధ్య, బ్యాండు కింద వ్యాజిలిన్ రాసుకోండి. ఇంటి తాళం కోసం లెగ్గింగ్ నడుము వెనక, ఎలాస్టిక్ కింద, నాలుగంగుళాల జేబు కుట్టించుకోండి. పక్కన కుడితే అడుగడుగునా తొడకి కొట్టుకుంటుంది.

బూట్ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. రంగు బాగుందని, సగం ధరకి వస్తోందని, ఒక సైజు బిగువైనా కొన్నాను. రెండు నెలలకి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మేజోళ్ళు వేసుకుని చూడండి. ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్లు అయ్యాక లోపలి మెత్తదనం పోతుంది, పైకి కొత్తగా కనబడినా మార్చాల్సిందే.

ఎంత వేగం? గురువారం అనగలిగినంత

మొదటిరోజు అందరం చేసే పని ఒకటే. గుండెలు అదిరేలా పరిగెత్తి, రెండు నిమిషాల్లో నడుం పట్టుకుని కూలబడతాం. మర్నాడు మెట్లు దిగలేం. మూడోరోజు దుప్పటి తీయం. నేనూ అంతే. మా దగ్గర ఒకప్పుడు రైలు పట్టాలుండే చోట బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళతో కళకళలాడుతుంది. అక్కడ ఒక కరెంటు స్తంభం దగ్గర మొదలుపెట్టి ఐదో స్తంభం దగ్గర ఆగిపోయా. పక్కనుంచి కర్ర పట్టుకున్న తాతగారొకరు నడుచుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయారు.

తర్వాత నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. ఐదు నిమిషాలు గబగబా నడవండి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిదిసార్లు. చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా నడక. వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు. రెండు వారాలకి తేలికనిపిస్తే రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాత మూడు, ఒకటి. తర్వాత ఐదు, ఒకటి. తేలికనిపించకపోతే ఆ వారమే మళ్ళీ చేయండి. నాకు ఆగకుండా ఇరవై నిమిషాలు రావడానికి ఐదు నెలలు పట్టింది. మా ఎదురింటి వదినకి మూడు నెలలే పట్టింది. ఒకరి కొలతకి ఇంకొకరి జాకెట్టు కుట్టం కదా. మధ్యలో నడవడం నామోషీ అనుకోకండి. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గ్యాలోవే అనే అమెరికా ఆయన మామూలు జనానికి నేర్పింది ఈ పద్ధతే.

వేగానికి వాచీ అక్కర్లేదు. పరిగెత్తుతూ ఒక వాక్యం పూర్తిగా అనగలగాలి. నేను రోజూ కస్టమర్లతో అనే మాటే అనుకుంటా: "గురువారం ఖాయంగా ఇచ్చేస్తానమ్మా, ఒక్క హుక్కులే బాకీ." ఊపిరి తీసుకోకుండా ఇది పూర్తయితే వేగం సరిపోయినట్టు. "గురువారం" దగ్గరే తెగిపోతే తగ్గించాలి. అడుగులు చిన్నగా వేయండి. కాలు బాగా ముందుకు చాపి మడమ నేలకి గుద్దితే దెబ్బంతా మోకాలికి పోతుంది.

కాస్త నిలదొక్కుకున్నాక ఆదివారం బ్యారేజీకి వెళ్ళండి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. కృష్ణకి అవతలి ఒడ్డున సీతానగరం వైపుకి పోయి రావడం రెండుసార్లు చేస్తే దాదాపు ఐదు కిలోమీటర్లు. కొలత దానంతటదే తేలిపోతుంది, పైగా నది గాలి. బళ్ళు ఎదురుగా కనబడేలా కుడిపక్కన పరిగెత్తండి. దసరా రోజుల్లోనూ, భవానీ దీక్షల విరమణప్పుడూ మాత్రం అటు పోవద్దు, జనం ఇసకేస్తే రాలరు.

ఎండాకాలం అక్కర్లేని పంతం

బెజవాడలో మేలో మొదలుపెట్టకండి. కార్తీకమాసంలో మొదలుపెడితే సంక్రాంతికి ఒక దారిన పడతారు. ఆల్రెడీ పరిగెడుతున్నవాళ్ళు ఎండాకాలం ఐదింటికల్లా రోడ్డు మీద ఉండాలి, ఆరు దాటితే ఇంటికి. అయినా ఆ వేళకి ఉక్క ఎక్కువ. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. చలికాలం వేగం ఎండాకాలంలో రాదు, రావాలని పంతం పట్టొద్దు. రోహిణి కార్తెలో నేను నడకే.

ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బ్రహ్మాండం. బాగా చెమట పోస్తే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చదునుగా కొలిచి కలుపుకోండి. ఉప్పు కళ్ళతో కొలవకండి. తల తిరిగినా, వాంతి వచ్చినా, ఎండలో ఒళ్ళు జలదరించినా ఆ రోజుకి ఆపేసి నీడకి పోవాలి. మాట తడబడుతుంటే తడిగుడ్డ కప్పి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

రక్తం పరీక్ష మాట

ఇది కాస్త వివరంగా చెప్పాలి. మొదటి మూడు నెలల్లో నాకు ఎంత చేసినా మెరుగు కనబడలేదు. మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్తేనే గుండె దడ. నలభై దాటింది కదా, వయసేమో అనుకున్నా. ఒకచోట చూపిస్తే పరీక్షేమీ లేకుండా బలానికి టానిక్ రాసిచ్చారు. ఇంకోచోట రక్తం తీసి చూస్తే హిమోగ్లోబిన్ 9.2. గర్భం లేని ఆడవాళ్ళకి 12 కన్నా తగ్గితే రక్తహీనతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి ఇదే సమస్య. సగం మందికి పైగా! అంటే "నాకు దమ్ము లేదు" అనుకునేవాళ్ళలో ఎంతమందికి అసలు లేనిది దమ్ము కాదు, ఐరనేమో.

కాబట్టి బూట్లకి ముందు ఈ పరీక్ష చేయించుకోండి. కుదిరితే ఫెరిటిన్ కూడా. అది ఒంట్లో దాచుకున్న ఐరన్ లెక్క, హిమోగ్లోబిన్ పడకముందే ఇది పడిపోతుంది. నాకు కారణం నెలసరిలో ఎక్కువ పోవడం. దానికి వైద్యం చేసి, మాత్రలు ఇచ్చారు. మాత్ర నిమ్మరసంతో మంచిది. కాఫీ, టీలతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోకూడదు. కాఫీకి కనీసం గంట ఎడం ఇవ్వమన్నారు. పొద్దున్నే కాఫీ పడందే కన్ను తెరవని నాకు పరుగుకన్నా ఆ గంటే కష్టమైంది. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, ఐరన్ మాత్రల వల్ల అంతే. గోంగూర, తోటకూర తినండి, కానీ ఆకుకూరల్లో ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ, 9.2ని ఒక్క గోంగూర పచ్చడి లేపదు. నాలుగు నెలలకి 12 దాటాక ఆ బీఆర్‌టీఎస్ రోడ్డే చదునుగా అనిపించింది.

నెలసరిలో పరిగెత్తొచ్చా అంటే, ఒళ్ళు బాగుంటే శుభ్రంగా పరిగెత్తొచ్చు. దాని ముందు వారం ఒంటి వేడి కొద్దిగా, అర డిగ్రీ లోపు పెరుగుతుంది, మన ఉక్కలో పరుగు బరువనిపిస్తుంది. ఆ వారం తగ్గించండి. తిండి మానేసి పరిగెడుతూ, మూడు నెలలు నెలసరి రాకపోతే మాత్రం "పోనీలే, హాయి" అనుకోవద్దు. ఎముకలు బలహీనపడతాయి. డాక్టర్ని కలవాలి.

ఎవరూ పైకి చెప్పనిది ఇంకొకటి. పరిగెత్తితే రెండు చుక్కలు మూత్రం కారడం. కొలతలప్పుడు గుసగుసగా చెబుతారు. కాన్పులైన చాలామందికి ఉంటుంది, సిగ్గుపడేదేం కాదు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాల్ని ఐదు లెక్కపెట్టేదాకా బిగించి వదలండి, పదిసార్లు, రోజుకి మూడుపూటలా. నేను జాకెట్టుకి కాజాలు కుడుతూ చేస్తా, ఎవరికీ తెలియదు. మూడు నెలలకీ తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్ దగ్గరకి వెళ్ళండి. కాన్పు తర్వాత పన్నెండు వారాలైనా ఆగాలి, సిజేరియన్ అయితే డాక్టర్ని అడిగాకే. కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటే పరుగు ఆపి చూపించుకోవాలి.

మా అత్తయ్య అయితే పరిగెత్తితేనే అది జారుతుందనేది. "అమ్మాయ్, గర్భసంచి దిగిపోతుందే!" అని రోజూ గుమ్మం దగ్గర. ఆవిణ్ణి అనడానికేముంది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టిందే 1984లో. అప్పటిదాకా అంత దూరం ఆడవాళ్ళ ఒంటికి పడదని పెద్దపెద్దవాళ్ళే వాదించారు.

మోకాళ్ళ ప్రశ్నకి జవాబు: ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ళు మితమైన పరుగుతో అరగవు. ఆల్రెడీ నొప్పి, వాపు ఉంటే చూపించుకుని మొదలుపెట్టండి. పరిగెత్తాక కండరాలన్నీ సలపడం మామూలే, రెండు రోజుల్లో పోతుంది. ఒకేచోట, వేలు పెట్టి చూపించగలిగే ఎముక నొప్పి, అడుగేస్తే పెరిగేది అయితే ఆపేయాలి. వారానికి రెండుసార్లు గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, పదిహేనేసి చేయండి.

కుక్క వెంటపడితే పరిగెత్తకండి, ఆగి, కళ్ళలోకి చూడకుండా నెమ్మదిగా నడవండి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు టీకాకి వెళ్ళండి. మనిషే వెంటపడితే 112.

పొద్దున్నే లేవడమెలా అంటారా? నాకు పట్టుదల తక్కువ. అందుకే రాత్రే కూర తరిగి పెట్టుకుంటా, బట్టలు మిషన్ మీదే ఉంచుతా. నాలుగూ నలభైకి ఎదురింటి వదిన గేటు చప్పుడు చేస్తుంది, ఆవిడ ముందు పరువు పోతుందని లేస్తా. బరువు చూసుకోవడం మానేశా. ఐదేళ్ళలో తగ్గింది మూడు కిలోలే, కానీ నడుము టేపు మీద రెండంగుళాలు తగ్గింది. క్యాలెండర్లో పరిగెత్తిన రోజు మార్కింగ్ చాక్‌తో గీత పెడతా. మొన్న రెండు రోజులు గీత లేకపోతే మా అత్తయ్యే అడిగింది, "ఏవే అమ్మాయ్, ఒంట్లో బాలేదా?" అని.

నడుము జేబు కుట్టించుకోవాలంటే లెగ్గింగ్ పట్టుకుని రండి, అరగంట పని. శ్రావణమాసం ముందు మాత్రం వద్దు, జాకెట్ల గిరాకీ. గురువారం ఇస్తానంటా. మీరు శనివారం రండి.