డాగ్ షోలో జడ్జి తీరు మీద ఫిర్యాదు ఎలా చేయాలి?

11 ఏళ్లుగా డాగ్ షోలలో రింగ్ స్టీవార్డ్‌గా (కుక్కల్ని చూపించే రింగ్‌లో జడ్జికి సాయపడే మనిషిగా), సెక్రటరీగా పనిచేస్తున్నాను. నా చేతికొచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు మొదటి లైనులోనే వీగిపోయాయి. "నా కుక్కకు అన్యాయం జరిగింది" అని మొదలుపెడతారు. ఏ కుక్కను ముందు నిలబెట్టాలన్నది జడ్జి ఇష్టం, ఆ మాటే ఆఖరు. మన దేశంలో డాగ్ షోల వ్యవహారాలు చూసే కెనల్ క్లబ్ ఆఫ్ ఇండియా షోలైనా, బయటి దేశాల షోలైనా అంతే. మనం ప్రశ్నించగలిగేది జడ్జి ప్రవర్తననే.

కేటలాగ్ (పోటీలో ఉన్న కుక్కల, యజమానుల పేర్లుండే పుస్తకం), మీ కుక్క నంబరు, తెల్లకాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదుకు గడువు, డిపాజిట్ ఉన్నాయేమో షో రూల్స్‌లో చూసుకోండి. రింగ్ బయటికి రాగానే కుక్కకు నీళ్లు పెట్టి నీడన కట్టేయండి. టైము, రింగ్ నంబరు, క్లాసు (మీ కుక్క పోటీపడిన విభాగం), పక్కనే ఉండి చూసిన ఇద్దరి పేర్లు రాసుకోండి. రింగ్‌లో మాత్రం జడ్జితో వాదన వద్దు.

ఇక అందరూ పాడుచేసుకునేది రాసే దగ్గరే. జడ్జి పెదవి ఎత్తి పళ్లు చూస్తారు, వీపు నొక్కుతారు, మగకుక్కకు రెండు వృషణాలూ దిగాయో లేదో తడిమి చూస్తారు. అది వాళ్ల పని. కొత్తవాళ్లు దాన్నే తప్పుగా రాసుకొస్తారు. కుక్క బెదిరి వెనక్కి లాగుతున్నా వదలకపోవడం, యజమానిని నలుగురిలో తిట్టడం, జడ్జింగ్ కాకముందే కేటలాగ్ తిరగేయడం, తాను పెంచి అమ్మిన కుక్కకు తానే జడ్జింగ్ చేయడం... రాయాల్సినవి ఇవి.

రాసేటప్పుడు కళ్లారా చూసిందే రాయండి. "డబ్బు తిన్నాడు" అంటే దాన్ని రుజువు చేయాల్సింది మీరే. ఒకావిడ ఆరు లైన్లే రాశారు: "11.40కి రెండో రింగ్, డాబర్‌మ్యాన్ ఓపెన్ క్లాసు. జడ్జి గారు కింది దవడ గట్టిగా పట్టుకున్నారు. కుక్క రెండుసార్లు మూలిగింది. వదలమని స్టీవార్డ్ చెప్పారు." షో కమిటీ ఆ స్టీవార్డ్‌ను పిలిచి ఒక్క ప్రశ్న అడిగింది. అరగంటలో జడ్జి గారే వచ్చి ఆవిడకు క్షమాపణ చెప్పారు. అదే రోజు ఇంకొకాయన నాలుగు పేజీలు తెచ్చారు, అందులో మూడు పేజీలు తన కుక్క గెలిచిన కప్పుల జాబితా. ఓడిపోయిన కోపం తప్ప కమిటీకి అందులో ఇంకేం కనిపించలేదు.

ఫిర్యాదు చేత్తోనే రాయాలి, ఒక పేజీ దాటకూడదు. టైపు చేసిన కాగితం ఇంటికెళ్లి ఎవరితోనో రాయించినట్టుంటుంది. వీడియో ఉంటే కమిటీకే చూపించండి. ముందే వాట్సాప్ గ్రూపుల్లో పెడితే విషయం పక్కకు పోయి, వీడియో ఎవరు పెట్టారన్నదే గొడవ అవుతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ నష్టపోయింది దెబ్బతిన్న కుక్క యజమానే.

కాగితం షో సెక్రటరీ చేతికే ఇవ్వండి, అదే రోజు. షో నడిపిన క్లబ్ పట్టించుకోకపోతే చెన్నైలోని కెనల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు రాయాల్సి వస్తుంది, అప్పుడు మీ దగ్గరున్న కాపీయే ఆధారం. ఆ కాపీ మీద సెక్రటరీతో సంతకం, టైము వేయించుకున్నాకే గ్రౌండ్ దాటండి.