బిళ్ళగన్నేరు వేసేవాళ్ళకి నాలుగు మాటలు

ముందు కొనేవాణ్ణి చూసుకోండి, ఆ తర్వాతే గింజ చల్లండి. బిళ్ళగన్నేరు ఆకు యార్డుకి తోలితే అమ్ముడుపోయే సరుకు కాదు. ఆకు ధరెంత, వేరు ధరెంత, తేమ ఎంతవరకు ఒప్పుకుంటారు, అన్నీ కాగితం మీద రాయించుకోండి.

నేల గురించి టెన్షన్ అక్కర్లేదు. మా రాయలసీమ ఎర్రనేలల్లో బాగానే వస్తుంది, నీళ్ళు మాత్రం నిలవకూడదు. చేదుకి మేకలు మూతి పెట్టవు, కంచె ఖర్చు మిగిలినట్టే.

గింజ కొత్తదే కావాలి. ఎకరానికి కిలో గింజకి పది రెట్లు ఇసుక కలిపి, జూన్, జూలై వానలకి చల్లుకోవచ్చు. నారు పోస్తే 200 గ్రాములు చాలు. రెండు నెలల నారుని సాలుకీ సాలుకీ అడుగున్నర, మొక్కకీ మొక్కకీ అడుగు ఎడంతో నాటండి.

ఆరో నెలలో ఒకసారి, తొమ్మిదో నెలలో ఒకసారి ఆకు దూస్తాం. అసలు పని ఆరబెట్టడంలోనే ఉంది. నీడలో పలచగా పరిచి, పూటకోసారి తిరగేయాలి. పిడికిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి. ఈనె వంగుతోందంటే తేమ ఉన్నట్టే. అలాగే మూట కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఈ ఆకులోంచి తీసే కేన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ ఒక్క గ్రాము రావడానికి సుమారు 500 కిలోల ఎండాకు పడుతుందంటారు, మరి బూజాకు ఎవరు కొంటారు?

ఏడాది నిండాక మొక్కల్ని మూడంగుళాలు వదిలి కోసి, చేనుకి నీళ్ళు పెట్టి, పదునులో దున్నితే వేళ్ళు తెగకుండా వస్తాయి. రక్తప్రసరణ మందుల్లో వాడే అజ్మలిసిన్ వేరు బెరడులోనే ఎక్కువ. మట్టి పోయేలా కడగండి చాలు, బెరడు లేచేలా రుద్దకండి.

షుగరుకని రోజూ ఈ ఆకు నమిలేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు పరీక్ష పెట్టిందీ ఈ ఆకుకి షుగరు మందని పేరుండబట్టే. ఎలుకల్లో షుగరు తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. కేన్సర్ మందు దారి అలా దొరికింది. ఈ ఆకులోంచే తీసి లుకేమియా (రక్త కేన్సర్) పిల్లలకి ఇచ్చే విన్‌క్రిస్టిన్‌ని డాక్టర్లు లెక్కకట్టి నరానికి ఎక్కిస్తారు. అలాంటి మందున్న ఆకుని పెరట్లో తుంచుకుని తినడమేంటండీ! ఆకు దూసే కూలీలకి చేతి తొడుగులు ఇవ్వండి, కడుపుతో ఉన్నవాళ్ళని ఈ పనికి పిలవకండి.