ఇంజిన్ నాకింగ్: ముందు చెవి పెట్టండి, తర్వాతే స్పానర్ పట్టండి

ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు టకటకా మోగుతోందా? అదే నాకింగ్. ప్లగ్ అంటించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలన మిగిలిన పెట్రోలు ఆవిరి వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. కాలు తీయగానే ఈ మోత ఆగిపోవాలి. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) కూడా దబదబమంటే బేరింగు పోయిందేమోనని అనుమానించి ఇంజిన్ ఆపేయండి.

తేలిక పనులు ముందు. టాప్ గేరులో ఈడ్చకుండా గేరు తగ్గించండి. కూలెంట్ చూడండి. మాన్యువల్‌లో ఉన్న ఆక్టేన్ పెట్రోలే పోయండి, ప్లగ్గులూ అందులో చెప్పిన రకానివే వేయండి. కార్బన్ పేరుకుంటే తీయించండి.

మాన్యువల్ అడగకపోయినా ఖరీదైన పెట్రోలు పోసి, మోత ఆగిందని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆక్టేన్ అంటే బలం కాదు, ముందే అంటుకోకుండా ఓర్చుకునే గుణం. రోగం అలాగే ఉంటుంది, మూలుగు మాత్రం ఆగుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మోత ఉండి, బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0325 లాంటి కోడ్ కనిపిస్తే, ఈ మోతను పసిగట్టే నాక్ సెన్సర్‌నూ దాని వైరింగునూ చూడాలి. ముందు కనెక్టర్, వైరు. అవి బాగుంటే సెన్సర్. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

బోల్టుతో బిగించే రకం సెన్సర్‌లో ఒక స్ఫటికం ఉంటుంది. బ్లాక్ అదిరితే అది కరెంటు పుట్టిస్తుంది, దాన్ని బట్టి కంప్యూటర్ టైమింగ్‌ను, అంటే ప్లగ్ మంట అంటించే క్షణాన్ని, వెనక్కి జరుపుతుంది. అంటే బోల్టు బిగువే దాని చెవి. వదులైతే వినపడదు, బలం కొద్దీ బిగిస్తే లేని మోత వింటుంది, లేదా పగులుతుంది. "చేతి అంచనా చాలు" అనే మెకానిక్‌కి ఈ పని ఇవ్వకండి. బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేకపోతే మొదలే పెట్టకండి. చాలా సెన్సర్లకు ఈ బిగువు 20 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కానీ మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ మాటే చివరిది.

ఇంజిన్ చల్లారాకే విప్పండి. సెన్సర్ ఆనే చోట తుప్పు, మసి తుడిచి లోహం మెరిసేలా చేయండి. అదనంగా వాషర్ వద్దు, గ్రీజు వద్దు. పాత బోల్టు పొడవు, కొత్తదాని పొడవు ఒకటేనా చూడండి. వైరు దేనికీ తగలకూడదు.

కోడ్ చెరిపి, అదే ఎత్తు మీద అదే గేరులో మళ్లీ నడిపి వినండి.