గేమ్ ఆర్టిస్టుల ఒరిజినల్ బొమ్మలు, ఆటోగ్రాఫులు: డబ్బు కట్టే ముందు జాగ్రత్తలు

2026కి జపాన్ వీడియో గేముల్లో పోకెమాన్‌కి 30 ఏళ్లు, డ్రాగన్ క్వెస్ట్‌కి 40 ఏళ్లు. మరుసటి ఏడాది ఫైనల్ ఫాంటసీ వంతు. ఇలాంటి వార్షికోత్సవాలప్పుడు, అంతకంటే ఎక్కువగా ఎవరైనా ఆర్టిస్టు చనిపోయిన వార్త వచ్చినప్పుడు, అంతవరకూ ఎవరూ చూడని "ఒరిజినల్స్" అమ్మకానికి బయటికొస్తాయి. డ్రాగన్ క్వెస్ట్ పాత్రలను గీసిన అకిరా తోరియామా 2024 మార్చి 1న పోయారు. ఆయన స్వయంగా గీసిందంటూ ఎవరైనా ఒక బొమ్మ చూపిస్తే ధర తర్వాత అడగండి. ముందు అది ఆయన దగ్గర్నుంచి వీళ్ల దగ్గరికి ఎలా వచ్చిందో అడగండి.

బాగా సాధన చేసినవాడికి సంతకం దించేయడం పెద్ద పనేం కాదు. బొమ్మ చేతులు మారిన దారిని కల్పించడం కష్టం. ఏ ఈవెంట్‌లో, ఏ ఏడాది, ఎవరు గీయించుకున్నారు? ఫొటో, రసీదు ఉన్నాయా? "మా అంకుల్ జపాన్‌లో పనిచేసేవారు" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే వదిలేయండి. బేరం పోతే పోయింది.

గేమ్ డబ్బా మీది అసలు పెయింటింగ్ అంటే ఇంకాస్త అనుమానించాలి. అలాంటివి కంపెనీ డబ్బిచ్చి గీయించుకున్నవి, చాలావరకు కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. ఈ మధ్య గేముల బొమ్మలు ఎక్కువగా కంప్యూటర్ మీదే గీస్తున్నారు, కాబట్టి వాటికి కాగితం మీద ఒరిజినల్ అనేదే ఉండకపోవచ్చు. ఫైనల్ ఫాంటసీ బొమ్మలు గీసిన యోషితాకా అమానో లితోగ్రాఫుల (అచ్చు వేసిన బొమ్మల) కింద పెన్సిల్‌తో 45/200 లాంటి అంకె ఉంటే అది లిమిటెడ్ ప్రింట్, అంటే అచ్చేసిన 200 ప్రతుల్లో 45వది. కొనడంలో తప్పేం లేదు, ప్రింట్ ధర ఇవ్వండి చాలు.

జపాన్ ఆర్టిస్టులు అభిమానులకు గీసిచ్చేది ఎక్కువగా షికిషి మీద. సుమారు 24 × 27 సెంటీమీటర్ల, అంచుకి బంగారు రంగున్న గట్టి అట్ట అది. చిక్కేమిటంటే, బహుమతులుగా పంచిన అచ్చు షికిషిలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. సన్నని రంగు చుక్కలు కనిపిస్తే అది అచ్చు. మార్కర్‌తో గీస్తే గీత మీద గీత పడినచోట సాధారణంగా రంగు ముదురుగా ఉంటుంది. దూరం నుంచి కొనేవాళ్లు అమ్మేవాడిని ఇలాంటి క్లోజప్ ఫొటోలు అడగాలి. ఇవ్వనంటే కొనకండి.

అమ్మేవాడు సొంతంగా అచ్చేసిన సర్టిఫికెట్‌కి విలువ లేదు. గ్రేడింగ్ కంపెనీ (కార్డు అసలుదో కాదో చూసి, రేటింగ్ ఇచ్చే సంస్థ) స్లాబ్‌లో, అంటే సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో, ఉందని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. తొలినాటి పోకెమాన్ ప్రోటోటైపులంటూ (అమ్మకానికి ముందు తయారుచేసిన నమూనాలంటూ) అలా సీలై అమ్ముడైన కార్డుల్లో కొన్ని 2024లో ప్రింటైనవని 2025 మొదట్లో కలెక్టర్లే పట్టుకున్నారు. కలర్ ప్రింటర్లు వదిలే కంటికి ఆనని పసుపు చుక్కల్లో తేదీ దొరికింది!

ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" (సొంతవాళ్లకు పంపే పద్ధతి) కింద పంపమంటే ఒప్పుకోకండి, అలా పంపిన డబ్బుకి రక్షణ ఉండదు. అమెరికాలో ఉన్న తమ్ముడి చేత కట్టించేవాళ్లు ఈ మాట వాడికి ముందే చెప్పాలి. ఇక కస్టమ్స్: గిఫ్ట్ అని రాయించినంత మాత్రాన సుంకం తప్పదు, ఐదు వేల రూపాయల లోపు గిఫ్టులకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే పోయింది. విలువ తక్కువ రాయిస్తే పార్సెల్ పోయినప్పుడు బీమా కూడా ఆ తక్కువకే.

నేరుగా సంతకం తీసుకునే అవకాశం దొరికితే అంతకన్నా భద్రమైన దారి లేదు. పోకెమాన్ కార్డుల మొదటి సెట్టులో చరిజార్డ్ అనే పాత్రను గీసిన మిత్సుహిరో అరిటా లాంటివాళ్లు దేశదేశాల కన్వెన్షన్లకు వెళ్లి, ఫీజు తీసుకుని సంతకాలు చేస్తుంటారు. ఒక్కొక్కరికి ఎన్ని చేస్తారో ముందే తెలుసుకోండి. పెన్ను మీరే తీసుకెళ్లి, పనికిరాని కార్డు మీద గీసి చూడండి. హోలో కార్డు (మెరిసే పూత ఉన్న కార్డు) మీద సిరా ఆరకముందే కవర్లో పెడితే చెరిగిపోతుంది. సంతకంతోపాటు మీ పేరు రాయమనండి. అమ్మితే ధర తగ్గుతుంది నిజమే, కానీ మీరు అమ్మడానికి రాలేదని ఆర్టిస్టుకి అర్థమవుతుంది.

ఇంటికొచ్చాక అసలు శత్రువులు ఎండ, తేమ. కాపిక్ లాంటి మార్కర్ల రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, కాబట్టి కిటికీ ఎదుటి గోడ వద్దు. షికిషి తేమకి వంగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలం రాకముందే ఆసిడ్ లేని కవర్లో, సిలికా జెల్ పొట్లాలతో సర్దండి. ఫ్రేమ్ కట్టిస్తే బొమ్మ అద్దానికి తగలకుండా మధ్యలో మౌంట్ (చుట్టూ అంచులా ఉండే అట్ట) పెట్టించండి. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు, రసీదు, పార్సెల్ మీది చీటీ ఒక ఫైల్లో ఉంచండి. రేపు మీరు అమ్మాలనుకుంటే కొనేవాడు మిమ్మల్నీ అవే అడుగుతాడు.